ఏటవాలు

బుర్రిలంక నర్సరీలో నా మొదటి రోజు.
కూలి, వెయ్యి సంచులకి ఇంతని లెక్క.
నల్ల ప్లాస్టిక్ సంచిలో ఒండ్రు మట్టి, మాగిన గత్తం,
గాలి తగిలితే ఎగిరిపోయే ఊక;
మధ్యలో పెన్సిలంత గోరింట పుల్ల.

నూకరత్నం తలెత్తకుండానే చెప్పింది:
"కణుపు కింద ఏటవాలుగా కొయ్యి. పైన చదునుగా కొయ్యి.
ఏటవాలు మట్లోకి, చదును మీదికి.
ఆకు దూసేసిన పుల్లకి మొహం ఉండదే,
మనవే గుర్తెట్టాలి."

విన్నాను.
విన్నదాన్ని మధ్యాహ్నం చద్దన్నంతో పాటు మింగేశాను.
సాయంత్రానికి నాలుగు వందల పుల్లలు
కాళ్ళు పైకెత్తి నిలబడ్డాయి.

ఆవిడ తిట్టలేదు.
గుమస్తా బండి వంతెన దాటేదాకా
చేతులు కడుక్కుంటున్నట్టు కాలవలోనే కూర్చుంది.
తర్వాత ఆకుపచ్చ వల కింద
ఫోను లైటు పళ్ళతో పట్టుకుని
ఒక్కో పుల్లా పీకి, తిప్పి, గుచ్చి,
బొటనవేలితో మట్టి నొక్కింది. పక్కన నేనూ.
కడియం మీదుగా ఒక రైలు పోయింది. ఇంకో రైలు పోయింది.

నెల తిరిగేసరికి అన్నిటికీ చిగుళ్ళు.
చీకట్లో మా చేతికి అందకుండా పోయినవి మూడు.
రెండు నల్లబడి చచ్చాయి.
మూడోది తలకిందులుగానే వేరు పోసింది.
చిగురు ముందు నేలకేసి వచ్చి,
దారి తప్పినట్టు కాసేపు ఆగి,
కొక్కెంలా వంగి పైకి తిరిగింది.

లారీ వచ్చిన రాత్రి
తడి గోనెల కింద అన్నీ నాగపూర్ వెళ్ళాయి
ఎవరిదో మేడ చుట్టూ కాపలా నిలబడ్డానికి.
"ఇది గ్రేడు కాదు" అని గుమస్తా గట్టు మీదికి విసిరాడు.
కొంగులో కట్టుకొచ్చాను.

మా ఇల్లు కాలవ గట్టు మీద. పట్టా లేదు.
హద్దంటే మా కోడి తిరిగినంత మేర.
ఆ మూల నాటాను.
జానెడవగానే తల తుంచమంది నూకరత్నం.
"ఇప్పుడే కదా లేచింది, పాపం..."
"ఇప్పుడే తుంచాలి. పైకి పోనిచ్చావా, కింద బోసిపోద్ది.
మేకపిల్ల దూరితే అది కంచేంటే?"

తుంచాను. రెండైంది.
రెండూ తుంచాను. ఏడుపొచ్చింది. నాలుగైంది.
అడుగున వెడల్పు, పైన సన్నం ఉండాలిట,
కింది ఆకుకీ పొద్దు అందాలిట,
మీదున్నోడు బలిస్తే కిందున్నోడు ఎండిపోతాడట.
ఆవిడ మొక్క సంగతే చెప్పింది.
నాకే గుమస్తా మొహం గుర్తొచ్చింది.

ఏటా తొలకరికి దానిలోంచే పుల్లలు కోశాను.
తల్లి వంకర, పిల్లలన్నీ నిటారు.
ఇదెలాగని అడిగితే
"వంకర పుల్లది కాదే, చేతిది" అంది.

గోదారి ఎగదన్నిన ఏడు
నీళ్ళు మా గుమ్మం ఎక్కి దిగాయి.
కంచె పొడుగునా కొబ్బరి డొక్కలు, ఒంటి చెప్పులు,
ఎవరి పిల్లదో బడిసంచి, అందులో తడిసిన ఎక్కాల పుస్తకం.
ఆకు మీద బురద ఆరితే ఊపిరాడదు.
మూడు రోజులు బిందెలతో కడిగాను,
వంటిల్లు నాలుగో రోజుకి.

ఇప్పుడు అరవై మూడు మొక్కలు.
ఆషాఢంలో గట్టు మీది పిల్లలు దూసుకుపోతారు.
వాళ్ళ చెయ్యి అందినంత మేర
నా కత్తెరకి పని తగ్గుతుంది.

నూకరత్నానికి కళ్ళు పోయాయి.
ఆదివారాలు మనవడి భుజం పట్టుకుని వస్తుంది.
అరచెయ్యి కంచె మీద ఆనించి
ఆ చివర్నించి ఈ చివరికి నడుస్తుంది,
గేదె వీపు నిమిరినట్టు.
మూల దగ్గర ఆగి, ఆకుల్లోకి చెయ్యి పోనిచ్చి,
ఆ కొక్కెం తడిమి, ఏమీ అనదు.
రెండడుగులేశాక అంటుంది:

"ఇక్కడ వేలెడు ఎక్కువుంది. కత్తెర తే."